వెచ్చని తెల్ల బంతి

"మసీదుల అసర్ అజాన్ వినవడంగనే ఈ కర్ర రెండు ముక్కలైతది. గంతే, ఇగ మాటల్లేవు."

వీరేందర్ ఆ మాట అంటూ మహీన్ క్యూ కర్రను పూల్ టేబుల్ మీద పడేశాడు. పొయ్యి కాడ కట్టెల మోపు పడేసినట్టు పడేశాడు. గోడవారగా నిలబడ్డ మహీన్ భుజం ఒక్కసారి అదిరింది. మరుక్షణం మళ్ళీ రాయిలా అయిపోయింది.

అప్పుడే లోపలికి అడుగుపెట్టిన స్వరాజ్యం కంట్లో రెండూ పడ్డాయి. పడేసిన చెయ్యీ, అదిరిన భుజమూ.

స్వరాజ్యం ఎస్సైగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు శంషాబాద్ బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆమె నోట్లో వక్కపలుకు ఎప్పుడూ ఉంటుంది, మాట ఎప్పుడో గాని ఉండదు. పొద్దున మహీన్ వచ్చి, "ఆంటీ, నేను ఆట అమ్ముకోలే. నా కర్ర నాకు నిలబెట్టు" అంది. ఏడవలేదు, బతిమాలలేదు. అందుకే ఒప్పుకుంది.

పందెం మీద పూల్ ఆడేవాళ్ళకు కోర్టులు లేవు. చాటుమాటు ఆట, నోటి మాట మీద నడిచే ఆట. వాళ్ళకు ఉన్నది ఒకటే కట్టుబాటు. ఆట అమ్ముకున్నవాడి కర్ర అందరి ముందు విరుస్తారు. విరిగిందంటే పందేలు తీరిపోయినట్టే, మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు. ఆ మనిషి షాద్‌నగర్ నుంచి దుబాయ్ దాకా ఏ టేబుల్ మీదా చెయ్యి వెయ్యకూడదు. అదీ మహీన్ మీదికి వచ్చిన ఆపద.

"ఎవరీమె?" వీరేందర్ అడిగాడు. మహేశ్వరం దిక్కు ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. ఈ హాలు అతనిదే. నిన్నటి ఆటలో మహీన్ మీద పందెం కాసినవాడూ అతనే.

"నా దిక్కు మనిషి" అంది మహీన్.

"ఓహో! వకీల్ను తెచ్చుకున్నవా? తెచ్చుకో. పోయినవి నా పైసలు, పోయింది నా ఇజ్జత్. నా ఇంటి పిల్ల లెక్క సాకిన. నా పేరు మీద ఆడి వెన్నుల పొడిచింది."

"తొందరేంది పటేలా?" అంది స్వరాజ్యం. "అజాన్‌కు ఇంకా టైమున్నది."

టేబుల్ అవతల నుంచి ఒక నవ్వు వినిపించింది. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. సిటీ నుంచి వచ్చిన డిటెక్టివ్ శివశంకర్. వీరేందర్ తెప్పించుకున్న మనిషి. స్వరాజ్యం కేసులు రెండు ఇదివరకే ఎగరేసుకుపోయాడు, మూడోది కూడా తనదేనన్న ధీమాలో ఉన్నాడు.

"నమస్కారం స్వరాజ్యంగారూ. శ్రమపడి వచ్చారు కానీ, వెతకడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. నా రిపోర్టు అయిపోయింది."

"చదువు."

"నిన్న ఆటసేపంతా నేను బయటే ఉన్నాను, ముగిసిన వెంటనే లోపలికొచ్చి బంతుల పెట్టెకు నేనే సీలు వేశాను. బల్లను నాలుగు మూలలా లెవెల్ పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. కర్రకూ లోపం లేదు. కాబట్టి ఆ చివరి బంతి పడకపోవడానికి కారణం ఒక్కటే. పడకూడదని అమ్మాయి అనుకుంది."

"అన్నీ చూసినవ్ గని, ఆట ఎన్నడన్న చూసినవా?"

"హత్య కేసు తేల్చాలంటే హత్య చేసి ఉండాలా మేడమ్?"

వీరేందర్ మనుషులిద్దరు షట్టరు దగ్గర నిలబడి కిసుక్కున నవ్వారు. స్వరాజ్యం వక్కపలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. మహీన్ వైపు తిరిగింది.

"నిన్న ఏమైందో చెప్పు బిడ్డా. చెప్పకు, చేసి చూపియ్యి."

మహీన్ ముందుకొచ్చింది. టేబుల్ మీద అడ్డంగా పడున్న కర్రను రెండు చేతులా ఎత్తుకుంది. దుమ్ము తుడిచింది. అప్పుడు చెప్పింది.

నిన్న సాయంత్రం ఆమెకూ కోల్‌కతా ఆటగాడు సోమేన్‌కూ పందెం. ఇద్దరూ సరిసమానంగా వచ్చి ఆఖరి ఆటకు నిలిచారు. టేబుల్ మీద ఒకే ఒక్క బంతి మిగిలింది, పసుపు గీత తొమ్మిదో నంబరు. సోమేన్ కొట్టిన దెబ్బకు తొమ్మిది పడలేదు గాని, కర్రతో కొట్టే తెల్ల బంతి టేబుల్ మూల పాకెట్‌లో పడిపోయింది. అది ఫౌల్. ఫౌల్ అయితే తెల్ల బంతి ఎదుటివాళ్ళ చేతికొస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని కొట్టొచ్చు.

"తాహెర్ చాచా పాకెట్ల చెయ్యి పెట్టి బంతి తీసి, తుడిచి నా చేతికిచ్చిండు. తొమ్మిదికి ఎదురుంగ పెట్టుకున్న. సక్కగ లైన్ మీదున్నది. చిన్న పిల్లలు గూడ ఏస్తరు. సలాం కొట్టిన. పక్కకు పోయింది."

"సలాం అంటే?" శివశంకర్ అడిగాడు.

మహీన్ గడ్డం పైకెత్తింది. "నా ఆట చూడకుండనే నా మీద రిపోర్టు రాసినవా అన్నా?"

సలాం అంటే ఈ చుట్టుపక్కల టేబుళ్ళన్నిటికీ తెలుసు. గెలుపు బంతిని అందరూ గట్టిగా కొట్టి లోపల పడేస్తారు. మహీన్ అట్లా కొట్టదు. ఊపిరి వదిలినంత మెల్లగా తోస్తుంది. బంతి పాకెట్ అంచు దాకా నడిచిపోయి, ఒక్క క్షణం ఆగి, పెద్దమనిషికి తల వంచినట్టు వంగి లోపల పడుతుంది. జనం లేచి నిలబడతారు. పందెం లేని పోటీల్లో చూసిన పేపరువాళ్ళు దానికి 'మహీన్ సలాం' అని పేరు పెట్టారు.

"గట్టిగ కొట్టి గెలవచ్చు గద, అంత పందెం ఉన్నప్పుడు?" అంది స్వరాజ్యం.

"గెలిస్తే నా లెక్కనే గెలవాలె ఆంటీ. లేకుంటే ఎందుకు గెలుసుడు?"

ఆ మాటకు మూలన కూర్చున్న తాహెర్ తల దించుకున్నాడు. తెల్ల కుర్తా, వెదురుబద్దలాంటి మనిషి. ఒకప్పుడు పెద్ద ఆటగాడు, ఇప్పుడు ఈ హాలు రెఫరీ. మహీన్‌కు కర్ర పట్టడం నేర్పింది ఆయనే. పొద్దుటి నుంచి అదే పసుపు గుడ్డను మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"పెట్టె తెరువు" అంది స్వరాజ్యం.

"నా సీలు. నా సంతకం" అన్నాడు శివశంకర్, పెళ్ళికొడుకు బాసికం చూపించినట్టు. లక్క పగలగొట్టి మూత తీశాడు. లోపల మఖ్మల్ గుంటల్లో బంతులన్నీ వరుసగా కూర్చున్నాయి, రంగు బంతులూ, ఒక మూల తెల్లదీ. ఒక్క గుంట ఖాళీ లేదు.

మహీన్ తెల్ల బంతి అందుకుంది. "చల్లగున్నది" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తొమ్మిదిని నిన్నటి చోటే పెట్టింది. తెల్లదాన్ని నిన్నటి చోటే పెట్టింది. కర్ర మొనకు చాక్ రాసి, వంగి, తోసింది.

హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. తొమ్మిది నడిచింది. అంచుకు పోయింది. ఆగింది. వంగి, లోపల పడింది.

వీరేందర్ చప్పట్లు కొట్టాడు. "చూసిన్రా! చూసిన్రా! గిప్పుడెట్ల పడ్డది?"

"ఇంకేం కావాలి మేడమ్?" శివశంకర్ చేతులు చాచాడు. "అదే బల్ల, అవే బంతులు, అదే చెయ్యి. ఇవాళ పడింది, నిన్న పడలేదు. మారింది అమ్మాయి మనసు ఒక్కటే. నా రిపోర్టుకు మీరే సాక్ష్యం తెచ్చిపెట్టారు."

మహీన్ ముఖం పాలిపోయింది. కానీ కర్ర మీద పట్టు సడలలేదు. "నేను ఏసి చూపియ్యక తప్పిచ్చుకుంటే, భయపడ్డదందురు. ఏస్తే, అమ్ముకున్నదంటున్నరు. ఏస్తనే ఉంట. ఎన్నిసార్లన్న ఏస్త."

స్వరాజ్యం ఆమె దగ్గరకు పోయింది. "బంతి పట్టుకోంగనే చల్లగున్నదన్నవ్. ఎందుకన్నవ్?"

"ఊకెనే."

"ఊకెనే ఎవ్వరనరు. యాది చేస్కో."

మహీన్ అరచెయ్యి తెరిచి దానివైపే చూసుకుంది. "నిన్న వెచ్చగుండె ఆంటీ. చాచా ఇచ్చినప్పుడు. కోడిగుడ్డు లెక్క వెచ్చగుండె. చాచా బాగ తుడిచిండు గావచ్చనుకున్న."

"నిన్న ఏసీ నడిసిందా?"

"నడిసింది. మిగతయన్ని చల్లగనే ఉన్నయి."

స్వరాజ్యం పెట్టెలోంచి ఒక ఎర్ర బంతి తీసుకుంది. తాహెర్ చేతిలోని పసుపు గుడ్డ అడిగి తీసుకుంది. బంతిని చాలాసేపు రుద్దింది. రుద్ది రుద్ది, గుడ్డ తాహెర్‌కు తిరిగిచ్చి, బంతిని శివశంకర్ చేతిలో పెట్టింది.

"వెచ్చగైందా?"

"లేదు" అన్నాడు, కొంచెం ఆలోచించి.

"జర నీ ప్యాంటు జేబుల ఏస్కో."

"ఏమిటిది, పిల్లలాటా?"

"ఏస్కో నాయనా. నీ రిపోర్టుకేం తక్కువ గాదు."

అతను మూతి ముడుచుకుని వేసుకున్నాడు. షట్టరు దగ్గరి మనుషులు మళ్ళీ నవ్వారు, ఈసారి అతన్ని చూసి.

స్వరాజ్యం పెట్టె ముందు నిలబడింది. మూత తీసినప్పుడు నిండుగా ఉంది. ఎందుకో ఆ నిండుదనమే ఆమె కంట్లో నలుసులా తగులుతోంది. కేసు ఒప్పుకుని మహీన్ వెంట ఆమె ఇంటికి పోయినప్పుడు దర్వాజా మీద బల్లపలక చూసింది. దాని మీద తెల్ల బంతులు వరుసగా ఉన్నాయి. పండుగకు చేసి పెట్టిన కొబ్బరి ఉండల్లాగా ఉన్నాయని అప్పుడు అనుకుంది.

"బిడ్డా, మీ ఇంట్ల గా తెల్ల బంతులేంది?"

"గెలిచినయి ఆంటీ. పెద్ద పందెం ఆటలల్ల గెలిచినోళ్ళు తెల్ల బంతి ఇంటికి తీస్కపోతరు. రివాజు."

"నిన్న సోమేన్ తీస్కపోయిండా?"

"తీస్కపోయిండు. అందరి ముందు ముద్దు పెట్టుకుని సంచిల ఏస్కున్నడు."

స్వరాజ్యం పెట్టెలోని తెల్ల బంతి గుంట మీద వేలు పెట్టింది.

"మరి నువ్విప్పుడు ఆడిన తెల్ల బంతి ఎక్కడిది?"

వీరేందర్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"వేరే బంతి తర్వాత పెట్టి ఉండవచ్చు" అన్నాడు శివశంకర్. అన్నాడు గాని గొంతులో మునుపటి బిగువు లేదు.

"తర్వాత ఎప్పుడు? ఆట ముగిసిన వెంటనే నువ్వే సీలేసినవ్ గద. అప్పుడు పెట్టె నిండుగున్నదా, గుంట ఖాళీగున్నదా?"

"నిండుగానే ఉంది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆటలో ఉన్నది ఒకటే తెల్ల బంతి. అది అతని సంచిలోకి పోయింది. అయినా పెట్టెలో ఒకటి ఉంది. అంటే... రెండు."

"శెబాష్."

ఆమె ఫోన్ తీసింది. ఎయిర్‌పోర్టు ఠాణాలో ఇప్పటి ఎస్సై సునీత, ఒకప్పుడు స్వరాజ్యం కింద పని నేర్చుకున్న పిల్ల. "సునీతా, సాయంత్రం కోల్‌కతా విమానంల సోమేన్ అని పూల్ ఆటగాడు పోతున్నడు. సంచిల తెల్ల బంతి ఉంటది. ఎక్స్‌రేల పెట్టి చూడు, లోపలేమున్నదో నాకు చెప్పు. ఆయన్ని జర కూసోబెట్టు."

"వానికేం సంబంధం? గెలిచినోన్ని పరేషాన్ చేస్తే నా హాలు పేరు ఖరాబైతది!" వీరేందర్ అరిచాడు. "టైమైతున్నది. కర్ర ఇటియ్యి."

"అజాన్ కాలే" అంది స్వరాజ్యం. ఆ తర్వాత అతనివైపు చూడనే లేదు. కుర్చీ లాక్కుని తాహెర్ ఎదురుగా కూర్చుంది.

"తాహెర్ భాయ్, నిన్న పాకెట్ల చెయ్యి పెట్టింది నువ్వే గద?"

"రెఫరీ పనే అది అమ్మా."

"తీసిన బంతి ఎక్కడ పెట్టినవ్?"

"పిల్ల చేతుల పెట్టిన."

"పిల్ల చేతుల పెట్టింది నీ కుర్తా జేబులది. పెద్దసేపు నీ ఒంటికి ఆనుకుని ఉన్నది. అందుకే వెచ్చగున్నది."

తాహెర్ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. శివశంకర్ మెల్లగా జేబులో చెయ్యి పెట్టి ఎర్ర బంతి తీశాడు. అరచేతిలో ఉంచి చూసుకున్నాడు. "వెచ్చగానే ఉంది" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

ఫోన్ మోగింది. స్వరాజ్యం స్పీకర్ పెట్టి టేబుల్ అంచున ఉంచింది.

"మేడమ్, బంతి దొరికింది" సునీత గొంతు. "మిషన్ల చూస్తే లోపల ఇనుప గుండు కనవడ్తున్నది. అది గూడ నట్టనడుమ లేదు, ఒక పక్కకున్నది. గీ మనిషి చెమటలు కక్కుతున్నడు."

మహీన్ కళ్ళు మూసుకుంది. "రూపాయి బిళ్ళ ఏసి ఆడే మిషన్ టేబుళ్ళ బంతి! లోపల ఇనుముంటెనే మిషన్ తెల్ల బంతిని పసిగట్టి బయటికి తోలుతది. జోరుగ కొడితే సక్కగనే పోతది. మెల్లగ తోస్తెనే పక్కకు గుంజుతది." ఆమె కళ్ళు తెరిచింది. "నేను మెల్లగనే తోస్తనని తెలిసినోళ్ళ పని. చాచా?"

ఆ ఒక్క పిలుపుకు తాహెర్ విరిగిపోయాడు.

"సలాం నాది" అన్నాడు. "చార్‌కమాన్ కాడ పాత హాల్ల నేను కొట్టేటోన్ని. నా చేతులు వణికినంక నీ చేతుల పెట్టిన. పేపరోడు నిన్ను అడిగిండు, ఎవరు నేర్పిన్రని. నా చేతికి అదే వచ్చిందన్నవ్. 'మహీన్ సలాం' అని అచ్చేసిన్రు. చదివిపిచ్చుకుని విన్న. ఆ సలామే నిన్ను పడగొట్టాలె అనుకున్న. సోమేన్ బంతిని కావాల్నని పాకెట్ల పడేసిండు, నేను మార్చిన. మారిన బంతి రివాజు కొద్ది వాని సంచిలనే పోతది, ఎవ్వరికి అనుమానం రాదన్నరు."

"మరి పెట్టె ఎందుకు నింపినవ్?" అడిగింది స్వరాజ్యం. "అసలు బంతి నీ జేబులనే ఉంచుకుంటే నేను గిప్పుడు ఇంటికి పోయేదాన్ని."

తాహెర్ తన చేతుల్ని తానే చూసుకున్నాడు. "చేతులు ఊకోలే అమ్మా. దినాం ఆట అయిపోంగనే పెట్టె నింపే చేతులు. గుంట ఖాళీ కనవడ్డది, జేబుల బంతున్నది, పెట్టేసిన. గీసారి ఖాళీ ఉండాలె గదా అని యాదికొచ్చేసరికి సారు లక్క పోస్తున్నడు."

మహీన్ ఆయన ముందుకొచ్చి నిలబడింది. కోపం ఉంది, కానీ అరవలేదు.

"పేపరోడు అడిగిన దినం నువ్వు యాడున్నవ్ చాచా? పందెం కేసుల బెయిల్ మీదున్నవ్. నీ పేరు చెప్తే పోలీసోళ్ళు నీ ఇంటికొస్తుండె. నిన్ను దాచిపెట్టిన. నీ పేరు మింగలే, దాచిన."

తాహెర్ పసుపు గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

స్వరాజ్యం లేచింది. "అయితే వినుండ్రి. బంతి మారింది గనుక నిన్నటి ఆట చెల్లదు. పందేలన్ని రద్దు. ఎవరి పైసలు వాళ్ళకు తిరిగొస్తయి. గంతేనా రివాజు?"

"గంతే" అంది మహీన్.

స్వరాజ్యం వీరేందర్ వైపు తిరిగింది.

"పటేలా, నువ్వు పిల్ల మీద కాసి పోగొట్టుకున్నవంటివి. పోయిన పైసలు తిరిగొస్తయంటే ఎవ్వడన్న ఎగిరి గంతేస్తడు. నీ మొకమేంది, మాడిన రొట్టె లెక్కున్నది?"

"నా... నా మొకం నా ఇష్టం."

"పొద్దటి నుంచి కర్ర విరువు, కర్ర విరువని నీకే తొందర. విరిగితే ఇగ ఎవ్వరు నోరెత్తొద్దు గద. పది మంది ముందు పిల్ల దిక్కు కాసినవ్. చాటుకు ఎవరి చేతనో సోమేన్ దిక్కు అంతకు పదింతలు కాసినవ్. తాహెర్ భాయ్, ఇనుప బంతి తెచ్చిచ్చింది ఎవరు?"

ముసలాయన గుడ్డ తీశాడు. చెయ్యెత్తి చూపించాడు. వేలు వణికింది గాని తప్పలేదు.

వీరేందర్ షట్టరు దగ్గరి మనుషులకు కనుసైగ చేశాడు. షట్టరు గడగడమని కిందికి దిగింది. పగటి వెలుతురు కత్తిరించినట్టు తెగిపోయింది. ఒకడు టేబుల్ అంచు మీది ఫోన్ తీసి నేలకేసి కొట్టాడు.

"హాలు నాది" అన్నాడు వీరేందర్, ఇప్పుడు మెల్లగా. "ఈడ జరిగింది ఈడనే ఉంటది. కర్ర ఇటియ్యి మహీన్. విరుస్త. మీరంత చూసిన్రని చెప్తరు. లేకుంటే మీ చేతులు విరుస్త. సారూ, నువ్వు జరుగు. నీ ఫీజు నీకిచ్చిన గద."

శివశంకర్ కదిలాడు. కదిలి, స్వరాజ్యం పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మీ ఫీజు రేపే తిరిగి పంపిస్తాను వీరేందర్‌గారూ. నా సంతకాన్ని అబద్ధానికి అడ్డం పెట్టారు. అది అమ్మకానికి లేదు." ఎర్ర బంతిని పిడికిట్లో బిగించాడు. "ఏమండీ స్వరాజ్యంగారూ, దీన్ని విసిరితే తగులుతుందా?"

"ఆట ఎన్నడు చూడలేదంటివి" అంది స్వరాజ్యం. "విసురుడన్న వచ్చా?"

సరిగ్గా అప్పుడే మసీదు నుంచి అజాన్ మొదలైంది. మూసిన షట్టరు సందుల్లోంచి సన్నగా లోపలికొచ్చింది. అందరూ ఒక్క క్షణం ఆగారు. చెప్పిన సమయం వచ్చేసింది.

తాహెర్ లేచాడు. గోడకున్న చెక్క చట్రం దగ్గరకు పోయి తన పాత క్యూ కర్ర తీసుకున్నాడు. పట్టుకునే చోట దారం అరిగి నున్నగైపోయిన కర్ర. ఎవరూ ఆపే లోపలే మోకాలికి ఆనించి రెండు చేతులా వంచాడు. చప్పుడుకి షట్టరు దగ్గరి మనుషులు కూడా ఉలిక్కిపడ్డారు.

"ఆట అమ్ముకున్నోని కర్ర విరిగింది" అన్నాడు. "అందరు చూసిన్రు. పిల్ల కర్ర జోలికి ఇగ ఎవ్వడు రావద్దు."

విరిగిన మొన చేతిలో అట్లాగే పట్టుకుని నడిచి వచ్చాడు. మహీన్ ముందు, ఆ ఇద్దరి దారికి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు ఇప్పుడు వణకడం లేదు.

"చాచా, పక్కకు జరుగు" అంది మహీన్.

"జరగ. నువ్వు నీ లెక్కనే ఆడు."

షట్టరు దగ్గరి ఆ ఇద్దరూ బెల్టులు విప్పుకుంటూ ముందుకొస్తున్నారు. మహీన్ టేబుల్ అంచు మీది చాక్ అందుకుంది. తొందర పడలేదు. తన కర్ర మొనకు చుట్టూతా రాసింది, నీలం పొడి రాలేదాకా. ఊదింది. కర్రను రెండు చేతులా పట్టుకుని, చాచా పక్కకు వచ్చి నిలబడింది.